రథమును విడువని సారథి

పెన్నానది సముద్రములో కలియుటకు ముందు నెల్లూరు నగరమును ఒరసికొని పారును. ఆ నది ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి శేషతల్పముపై శయనించి భక్తులను కటాక్షించుచున్నాడు. ఏటేట ప్రవేశ పరీక్షలు దగ్గరపడిన దినములలో ఈ సన్నిధిలో ఒక దృశ్యము కనబడును. పదునేడు, పదునెనిమిదేండ్ల బాలబాలికలు తల్లిదండ్రులతో వచ్చి, హాలు టికెట్టును అర్చకస్వామి చేతికిచ్చి, స్వామి పాదములకు తాకించి, కన్నులకద్దుకొని తిరిగి పుచ్చుకొందురు. పెంచలకోన నరసింహస్వామి సన్నిధిలోను, నరసింహకొండపై వేదగిరి లక్ష్మీనరసింహుని సన్నిధిలోను ఇట్టి మ్రొక్కులే కానవచ్చును. ఫలితములు వెలువడిన పిమ్మట, మంచి ర్యాంకు వచ్చినవారు మరల వచ్చి కొబ్బరికాయ కొట్టి, తలనీలాలిచ్చి మ్రొక్కు తీర్చుకొందురు. రానివారు గుడివైపు చూచుటకే సంకోచింతురు. స్వామి తమను కాదనెనని కొందరు, స్వామికి ముఖము చూపలేమని కొందరు తలంతురు. ఎవరికి ఆ సన్నిధి మిక్కిలి అవసరమో వారే దానికి దూరమగుట విచారింపదగిన విషయము.

అట్టి గృహమొకదానిని ఉదాహరణముగా తలచుకొనవచ్చును. మైపాడు వైపు సముద్రతీరమందలి గ్రామము. తండ్రికి నాలుగెకరముల రొయ్యల గుంటలు గలవు. కుమార్తె నెల్లూరులో హాస్టలునందుండి రెండేండ్లు వైద్యవిద్య ప్రవేశ పరీక్షయగు నీట్‌కు చదివెను. వారము వారము పెట్టిన అభ్యాస పరీక్షలలో ఆమెకు 720కి 600 మార్కులకు అటునిటుగా వచ్చుచుండెను. ఒకసారి 640 వచ్చెను. తండ్రి ఆ 640ని ఊరిలో పదిమందికి చెప్పెను. మేనమామ ఆమెను "డాక్టరమ్మా" అని పిలువసాగెను. 2025 మే 4వ తేదీన అసలు పరీక్ష జరిగెను. జూన్ 14వ తేదీన ఫలితము వచ్చెను. ఆమెకు వచ్చినవి 470 మార్కులు.

ఆనాడు ఆ ఇంట పొయ్యి వెలుగలేదు. తండ్రి గుంటల గట్టుమీదికి పోయి చీకటి పడువరకు తిరిగి రాలేదు. తల్లి "ఇన్నాళ్లు వచ్చిన మార్కులన్నియు అబద్ధమేనా అమ్మా?" అని ఒక్క మాట అడిగెను. ఆ మాటలో కోపము లేదు. కాని దానికి సమాధానము చెప్పుట అమ్మాయికి సాధ్యము కాలేదు. ఏలయన ఆ ప్రశ్ననే ఆమె ఉదయమునుండి తన్ను తాను అడుగుకొనుచుండెను.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఆ సంవత్సరము దేశములో 22 లక్షలమందికి పైగా ఆ పరీక్ష వ్రాసిరి. అందరికిని సీట్లు లేవు. కావున లక్షలాది గృహములలో ఈ ప్రశ్న ఏదో ఒక రూపమున పుట్టియే తీరును. చదువనివానికి మార్కులు రాకున్న దుఃఖము ఒక తీరు. చదివి, సాధన చేసి, సాధనలో గెలిచి, అసలు దినమున తప్పినవాని దుఃఖము మరియొక తీరు. మొదటివాడు తన సోమరితనమును నిందించుకొని ఊరడిల్లగలడు. రెండవవాడు దేనిని నిందింపవలెనో తెలియక తన్నే నిందించుకొనును, లేదా దైవమును నిందించును. ఈ రెండవవాని దుఃఖమును గూర్చి భగవద్గీత ఆరంభమే చెప్పుచున్నదని గ్రహించినచో, ఆ గ్రంథము ప్రతి విద్యార్థి ఇంటను ఎందుకుండవలెనో తెలియగలదు.

నెల్లూరివారికి భారతము పరాయి గ్రంథము కాదు. 13వ శతాబ్దమున మనుమసిద్ధి ఆస్థానమందుండిన తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను తెనిగించినది ఈ సీమలోనే. ఆయన మొదట చేపట్టిన విరాటపర్వములో అర్జునుని పరాక్రమము శిఖరమునందుకొనును. ఉత్తరగోగ్రహణ సమయమున, రథముమీద భయపడి వణకుచున్న ఉత్తరకుమారుని పగ్గములు పట్టించి, భీష్మ ద్రోణ కర్ణ కృపాదులందరిని ఒక్కడే ఎదిరించి గోవులను మరలించెను. ఆనాడు ఎదురుగా నిలిచినవారే, కొలదికాలమునకు కురుక్షేత్రమునందును ఎదురుగా నిలిచిరి. అదే గాండీవము, అవే భుజములు, అదే విద్య. ఇంతకన్న గొప్ప అభ్యాస పరీక్ష మరెవ్వరికిని జరిగియుండదు. ఆ పరీక్షలో అర్జునుడు నిస్సంశయముగా నెగ్గియుండెను.

అట్టి అర్జునునకు అసలు దినమున ఏమాయెను? అవయవములు పట్టు తప్పెను. నోరెండిపోయెను. ఒడలు వణకెను. చర్మము మండినట్లాయెను. గాండీవము చేతినుండి జారెను. నిలువబడుటకు శక్తి లేక, మనస్సు గిరగిర తిరుగుచున్నదని ఆయనయే చెప్పుకొనెను. పరీక్ష గదినుండి వెలుపలికి వచ్చిన పిల్లలను, "ఏమాయెను నాయనా?" అని మెల్లగా అడిగి చూచినచో, వారు చెప్పు మాటలు ఇవియే. నోరెండెను, చేతులకు చెమట పట్టెను, తెలిసిన లెక్కయే తోచలేదు, కన్నులముందు అక్షరములు తిరిగెను అందురు. ఉత్తరుని భయమును పోగొట్టినవాడే తన వంతు వచ్చినపుడు ఉత్తరునివలె రథములో కూలబడెను. కావున చేయి వణకుట విద్య లేదనుటకు గుర్తు కాదు. సాధనలో తక్కువ ఉండి, అసలు దినమున ఎక్కువ పణముగా పెట్టబడినదానియందు మనస్సు చిక్కుకొనుటయే దానికి గుర్తు. గోగ్రహణమున పణము గోవులు. కురుక్షేత్రమున పణము తాతలు, గురువులు, అన్నదమ్ములు. చేతిలోని విల్లు మారలేదు. దానిపై మోపిన బరువు మారినది.

అప్పుడు శ్రీకృష్ణస్వామి ఏమి చేసెను? మొదట రెండు మాటలు గట్టిగనే అనెను. ఈ దౌర్బల్యము నీకు తగదనెను. దానిని దాచవలసిన పనిలేదు. పెద్దలు ఒక్క మాట గట్టిగా అనుట సహజమే. కాని అర్జునుడు తన కలతను విప్పి చెప్పి, శిష్యుడనై శరణుజొచ్చితినన్న పిమ్మట స్వామి తీరు వేరు. "విరాటనగరములో గెలిచితివి గదా, ఇప్పుడేమి వచ్చినది?" అని ఎత్తిపొడువలేదు. "కర్ణుని చూడుము, వాడెట్లు నిలుచున్నాడో!" అని పోల్చలేదు. అన్నిటికన్న ముఖ్యముగా, రథము దిగి పోలేదు. పగ్గములు చేత పట్టుకొని, రెండు సేనల నడుమ, కూలబడినవాని ప్రక్కననే యుండి, చిరునవ్వుతో మాటలాడెను. ఒక్కొక్క సందేహమును తీర్చెను. చిట్టచివరకు, చెప్పవలసినదంతయు చెప్పిన పిమ్మట, బాగుగా విమర్శించుకొని నీ ఇష్టము వచ్చినట్లు చేయుమని నిర్ణయమును అర్జునునికే విడిచెను. సర్వేశ్వరుడే ఇట్లు చేయగా, ఒక గృహయజమాని కుమార్తె చదువు విషయమున అంతకన్న ఎక్కువ అధికారము చూపనేల?

ఇక తల్లి అడిగిన ప్రశ్నకు వత్తము. అభ్యాసమున వచ్చిన మార్కులు అబద్ధమా? దీనికి సమాధానము ఆ తండ్రి గుంటల గట్టుమీదనే కలదు. రొయ్యలు పెంచువారు పట్టుబడికి ముందు అప్పుడప్పుడు విసురువల వేసి, పడిన రొయ్యలను తూచి, కిలోకు ఎన్ని తూగునో లెక్క చూతురు. ఆ లెక్కను బట్టి మొత్తము దిగుబడిని అంచనా వేయుదురు. కాని మేత పడు చోటనే వల విసిరినచో, అచటికి చేరునవి బలిసిన రొయ్యలే గనుక లెక్క బాగుగా కనబడును. గుంట నాలుగు మూలలను విసిరి చూచిన రైతునకే నిజము తెలియును. మేతదగ్గర పడిన రొయ్యలు అబద్ధము కావు. అవి మొత్తము గుంట కావు, అంతియే.

అభ్యాస పరీక్షలును అట్టివే. ప్రశ్నలు కూర్చువారు ఎల్లపుడు చదువు చెప్పు ఆ కొలదిమందియే. వారి ధోరణి పిల్లలకు అలవాటగును. గది తెలిసినది, బల్ల తెలిసినది, ప్రక్కనున్నవారు తెలిసినవారు. ఈ వారము తప్పినచో వచ్చు వారము కలదు. పైగా పది పరీక్షలలో ఎక్కువ వచ్చిన ఒక్కదానిని ఇంటివారు తమ లెక్కగా పెట్టుకొందురు. 640 ఒకసారి వచ్చినది నిజము. తక్కిన తొమ్మిదిసార్లు రాలేదన్నదియు నిజమే. తండ్రి ఊరిలో చెప్పినది మేతదగ్గర పడిన వల.

అసలు పరీక్షయు ఏటికొక తీరుగ నుండును. 2024 నీట్ తుది జాబితాలో 17 మందికి 720కి 720 మార్కులు వచ్చినవి. 2025లో దేశమంతటికిని ప్రథముడుగా నిలిచిన విద్యార్థికి వచ్చినవి 686 మాత్రమే. ఒక్క సంవత్సరములో పిల్లల తెలివి తగ్గిపోలేదు, ప్రశ్నపత్రము కఠినమైనది. పోయిన సంవత్సరపు పత్రములతో సాధన చేసి 600 తెచ్చుకొన్నవారికి ఈ సంవత్సరము 600 రాలేదన్నంతమాత్రమున, ఇంటి గోడపై వ్రాసికొన్న అంకెతో దానిని పోల్చి ఏడ్చుట అవివేకము. కొలపాత్ర మారినపుడు కొలత మారును, ధాన్యము మారదు.

ఐనను, కొలపాత్ర మీదనే నెపము మోపి ఊరకుండుటయు ధర్మము కాదు. అభ్యాసమున బాగుగనుండి అసలు దినమున తప్పినపుడు పెద్దలు ఎట్లు నడువవలెను, తప్పినవారు ఎట్లు లేవవలెను అను రెండు విషయములకు ఈ తీరముననే ఒక ప్రత్యక్ష ప్రమాణము కలదు. మైపాడునుండి దక్షిణముగా కృష్ణపట్నము దాటి పోగా, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట ద్వీపము కలదు. చిరకాలము నెల్లూరు జిల్లాలోనుండి 2022లో తిరుపతి జిల్లాలో చేరిన ఈ దీవినుండి 1971 అక్టోబరు 9న తొలి చిన్న రాకెట్టును ఎగురవేసిరి. తరువాత ఉపగ్రహమును కక్ష్యలో నిలుపగల ఎస్.ఎల్.వి.-3 అను వాహనమును సిద్ధపరచిరి. నాలుగు అంచెలు, 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు. ప్రతి అంచెను నేలమీద మండించి పరీక్షించిరి. నేలమీది పరీక్షలలో అవి నెగ్గినవి.

1979 ఆగస్టు 10న అసలు పరీక్ష. మొదటి అంచె చక్కగా పనిచేసెను. రెండవ అంచెలో వాహనము అదుపు తప్పెను. బయలుదేరిన 317 సెకన్లకు ప్రయాణము ముగిసి, ఉపగ్రహముతో కూడ వాహనము శ్రీహరికోటకు 560 కిలోమీటర్ల దూరమున బంగాళాఖాతములో పడెను. ఏండ్ల కష్టము అయిదు నిముషములలో సముద్రము పాలాయెను. ఆ పథకమునకు అధిపతి, తరువాత రాష్ట్రపతియైన అబ్దుల్ కలాము. ఆ దినము తన గదికి పోయి మంచముపై వాలిపోయితినని, పొద్దు వాలిన వేళ పెద్దవాడైన డాక్టర్ బ్రహ్మప్రకాశ్ వచ్చి భుజము తట్టి లేపి భోజనమునకు తీసికొనిపోయెనని ఆయన తన ఆత్మకథలో చెప్పుకొనెను. ఇచట గమనింపదగినది పెద్దవాని వివేకము. కారణములు అడుగుట రేపటి పని. నేటి పని అన్నము పెట్టుట. పొయ్యి వెలుగని ఆ ఇంటివారు ఇది గుర్తింపవలెను.

పత్రికలవారు ప్రశ్నింప వచ్చినపుడు, సంస్థ అధ్యక్షుడైన సతీశ్ ధవన్ తానే ముందు నిలిచి సమాధానము చెప్పెను. నింద తనదని భుజమున వేసికొని, తన వారిపై నమ్మకము కలదనెను. పిమ్మట డెబ్బదిమందికి పైగా శాస్త్రజ్ఞులు కూడి, ఏమి జరిగినదో తరచి చూచిరి. రెండవ అంచెను అదుపులో ఉంచు వ్యవస్థలోని ఒక చిన్న కవాటము మూసికొనక తెరచియే యుండుటచే, అందలి ఆమ్లము ప్రయోగమునకు ముందే కారిపోయెనని తేలెను. వాహనమంతయు చెడ్డదని ఎవ్వరును అనలేదు. తమ విద్యయే అబద్ధమనియు అనుకొనలేదు. ఒక కవాటము దొరికెను, దానిని సరిచేసిరి. పదునొకండు నెలలు గడచినవి. 1980 జూలై 18న అదే దీవినుండి, అదే జాతి వాహనము, 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. ఆనాడు ధవన్ వెనుకకు తగ్గి, పత్రికలవారితో మాటలాడుమని కలామునే ముందునకు పంపెను. అపజయమునాడు పెద్దవాడు ముందు, జయమునాడు చిన్నవాడు ముందు. అనేక గృహములలో దీనికి విరుద్ధముగా జరుగుచుండును. 640 వచ్చిననాడు తండ్రి ముందు నిలుచును; 470 వచ్చిననాడు అమ్మాయిని బంధువుల యెదుట ఒంటరిగా నిలుపును.

కలామునకు అదియే మొదటి అపజయము కాదు. యౌవనమున వైమానిక దళములో చేరుటకు డెహ్రాడూనులో జరిగిన ఎంపికలో 25 మందికి 8 మందిని తీసికొనిరి. ఆయన స్థానము తొమ్మిదవది. ఒక్క మెట్టు తక్కువ. విమానము నడపవలెనన్న చిన్ననాటి కోరిక అచటనే ముగిసెను. భారమైన మనస్సుతో ఋషికేశము చేరి, గంగలో స్నానముచేసి, శివానందస్వామిని దర్శించెను. ఆ స్వామి అపజయమును మరచి, తనకు నియమింపబడిన త్రోవ వేరొకటి యుండవచ్చునని గ్రహింపుమని బోధించెను. ఆ తొమ్మిదవ స్థానము రాకున్నచో ఆయన శ్రీహరికోటకు వచ్చియుండువాడా యని ఎవరు చెప్పగలరు? అనగా తప్పినవారందరును గొప్పవారగుదురని కాదు. అట్లు చెప్పుట పసివారిని మభ్యపెట్టుటయే. ఒక ద్వారము మూయబడినపుడు మూయబడినది ఆ ద్వారము మాత్రమేనని, ఇల్లంతయు కాదని దీని భావము.

ఇక భక్తుని హృదయములో మిగిలిన ప్రశ్న ఒకటి. స్వామి పాదములకు తాకించిన హాలు టికెట్టు ఏమాయెను? మ్రొక్కు వ్యర్థమాయెనా? శ్రీహరికోటలో ప్రయోగమునకు ముందు శాస్త్రజ్ఞులు వాహనపు నమూనాను తిరుమలకు తెచ్చి శ్రీనివాసుని సన్నిధిలో పూజ చేయించుకొని పోవు ఆచారము ఎల్లరకును తెలిసినదే. ఆ ఆచారము సాగుచుండగనే, 2025 మే 18న బయలుదేరిన పి.ఎస్.ఎల్.వి.-సి61 మూడవ అంచెలో విఫలమాయెను. అంతమాత్రమున శ్రీనివాసుడు వారిని కాదనెనని వారనుకొనలేదు. తిరుమలకు వచ్చుట మానలేదు. కారణము వెదకిరి. పూజ విడువలేదు, విచారణయు విడువలేదు. పూజ విచారణకు బదులు కాదు. విచారణ పూజకు అడ్డు కాదు.

మ్రొక్కును బేరముగా తలచువారికే మ్రొక్కు వ్యర్థమైనట్లు తోచును. శ్రీవైష్ణవ సంప్రదాయమునందు శరణాగతికి అంగములుగా ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము, కార్పణ్యము, మహావిశ్వాసము, గోప్తృత్వవరణము అని ఐదింటిని చెప్పుదురు. ఇందులో కార్పణ్యమనగా తన అశక్తతను గుర్తించి స్వామి యెదుట ఒప్పుకొనుట. ఈ మాటనే అర్జునుడును ఉపయోగించెను. తనను కార్పణ్యమను దోషము ఆవరించినదని ఆయన వాపోయెను. అచట దోషముగా కనబడినది, శరణాగతుని యందు సాధనాంగమెట్లు కాగలదు? భేదము దానిని ఎవరి యెదుట ఉంచితిమన్నదానిలో కలదు. "నేను చేతకానివాడను" అని చీకటి గదిలో తనకు తానే చెప్పుకొన్నచో అది రోగము. ఆ మాటనే స్వామి పాదములకడ, లేదా తన్ను ప్రేమించు పెద్దల యెదుట చెప్పుకొన్నచో అది మందునకు మొదలు. ఏలయన రెండవచోట వినువాడు కలడు. కార్పణ్యము వెంటనే మహావిశ్వాసము చెప్పబడుటకు కారణమిదే. నా చేతకాలేదు అనుటతో వాక్యము ముగియదు. నీవు విడువవు అనుటతో ముగియును.

మరియొక రహస్యమును గూడ పూర్వాచార్యులు బోధించిరి. జీవుడు భగవంతునకు శేషభూతుడు. ఇది అతని స్వరూపము. ఈ సంబంధము ఏ ర్యాంకు వలనను రాలేదు. కావున ఏ ర్యాంకు వలనను పోదు. 640 వచ్చిననాడు అమ్మాయి రంగనాథునకు ఎంత సొంతమో, 470 వచ్చిననాడును అంతే సొంతము. మార్కులు ఆమె చేసిన ఒకనాటి పనికి వచ్చిన లెక్క. ఆమెకు వచ్చిన లెక్క కాదు.

మరల ప్రయత్నించుట సిగ్గుపడవలసిన పనియా అను సందేహమునకు భగవద్రామానుజుల చరిత్రమే సమాధానము. తిరుమంత్ర రహస్యార్థమును తెలిసికొనగోరి ఆయన శ్రీరంగమునుండి తిరుక్కోష్టియూరునకు పదునెనిమిది పర్యాయములు నడచెనని గురుపరంపర చెప్పుచున్నది. పదునేడుసార్లు తిరుక్కోష్టియూర్ నంబి ఆయనను ఉత్తచేతులతో పంపెను. అప్పటికే మహాపండితుడు, శ్రీరంగమున పీఠమునలంకరించినవాడు. పదునేడవసారి తిరిగి వచ్చునపుడు ఆ దారి ఎంత దూరముగ తోచియుండునో తలచుకొనవచ్చును. ఐనను పదునెనిమిదవసారి బయలుదేరెను. అర్థము లభించెను. లభించిన దానిని తనలోనే దాచుకొనక, గోపురమెక్కి ఎల్లరకును చాటెను. పదునేడు అపజయముల బాధ తెలిసినవాడు గనుకనే, మరియొకనికి ఆ బాధ వలదని చాటెనేమో! తప్పిన అనుభవము మనిషిని కఠినునిగ చేయవచ్చును, దయాళువుగ చేయవచ్చును. ఆచార్యులవారిని దయాళువుగ చేసెను.

ఇచట ఒక కఠినమైన విషయమును దాచరాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట కొలదిదినములలోనే ఇరువదిమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరి. తరువాత జరిగిన పునఃపరిశీలనలో, తప్పినట్లు ప్రకటింపబడినవారిలో వేయిమందికి పైగా ఉత్తీర్ణులని తేలెను. కాగితముపై అంకె వేయునది మనుష్యుల చేయి, యంత్రపు చేయి. ఆ చేయియు తప్పును. దిద్దుటకు వీలులేనిది ప్రాణమొక్కటియే. కావున ఫలితము వచ్చిన మొదటి కొన్ని దినములు బిడ్డను ఒంటరిగా విడువరాదు. అన్నము మానినను, నిద్ర మానినను, తానుండి ప్రయోజనము లేదన్నట్లు మాటలాడినను, దానిని బెదిరింపుగ త్రోసివేయక కూర్చుండి వినవలెను. 2022నుండి కేంద్రప్రభుత్వము నడుపుచున్న టెలీ మానస్ అను సేవకు 14416 అను సంఖ్యతో ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. వైద్యుని సాయము కోరుట భక్తికి కొరత కాదు. కూలబడినవాని ప్రక్కన నిలుచు ప్రతివాడును ఆ క్షణమున సారథియే.

ఆ తీరగ్రామపు గృహమునకు తిరిగి వత్తము. రాత్రి పొద్దుపోయిన పిమ్మట అవ్వ లేచి పొయ్యి వెలిగించి, ఇంత అన్నము వండి, మనుమరాలి ప్రక్కన కూర్చుండి, "ముందు తిను తల్లీ, తక్కినవి రేపు చూతము" అని ముద్దలు కలిపి పెట్టెను. తండ్రి గట్టుమీదినుండి వచ్చి ఆ చెంతనే కూర్చుండెను. ఆయన ఏమియు మాటలాడలేదు; కాని లేచి పోలేదు. మరునాడు మేనమామ ఫోను చేసినపుడు తండ్రియే తీసికొని, "ఈసారి రాలేదు. దానిని అడుగవద్దు, ఏమైన నన్నడుగు" అనెను.

నాలుగు దినములైన పిమ్మట అమ్మాయి తన జవాబులను తీసి లెక్క చూచుకొనెను. 180 ప్రశ్నలకు 125 సరియైనవి, 30 తప్పినవి, 25 వ్రాయనివి. సరియైన జవాబునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒకటి కోత. 500లో 30 పోగా 470. వ్రాయని 25లో ఎక్కువ భాగము భౌతికశాస్త్రము. హాస్టలులో అలవాటైనట్లే ఆ దినమును భౌతికశాస్త్రముతోనే మొదలుపెట్టి, కఠినమైన ప్రశ్నలదగ్గర చిక్కుకొని, కాలము మించగా తొందరలో తెలిసిన జీవశాస్త్రమునందును తప్పులు చేసెనని ఆమెకు కనబడెను. తన చదువంతయు అబద్ధము కాదు. ఒక కవాటము తెరచియుండెను. దానిని కనుగొన్న దినమున ఆమె ఫలితము వచ్చిన పిదప మొదటిసారిగా తండ్రి ముఖము చూచి మాటలాడెను.

మరల ఒక సంవత్సరము చదువుటయా, లేక ముత్తుకూరులోని మత్స్యశాస్త్ర కళాశాల వంటి మరియొక విద్యాలయమున చేరి రొయ్యల గుంటల శాస్త్రమునే నేర్చుటయా అను మాట ఆ ఇంట పుట్టెను. రెండును మంచి త్రోవలే. మరల చదువుటకు ఎంత డబ్బగునో, ఎంత శ్రమయగునో, ఈ సీటు విడిచినచో ఏమి పోవునో తండ్రి దాచక చెప్పెను. చెప్పి, "ఆలోచించుకొని నీ ఇష్టమైనట్లు చేయుమమ్మా" అనెను. ఆ మాట ఎక్కడిదో ఆయనకు తెలిసియుండవచ్చును, తెలియకపోవచ్చును. ఐదువేల ఏండ్ల క్రిందట కురుక్షేత్రమున, కూలబడి లేచిన ఒక వీరునితో అతని సారథి అన్న మాటయే అది.

ఆ శనివారము ఆ కుటుంబము తల్పగిరి రంగనాథుని దర్శనమునకు వచ్చెను. ఈసారి తాకించుటకు హాలు టికెట్టు లేదు, తీర్చుటకు మ్రొక్కు లేదు. అమ్మాయి చేతులు జోడించి చాలసేపు నిలుచుండెను. శేషశయనుడు ఆమెను మార్కులడుగలేదు. జయమందినవారికి ఏ తీర్థము, ఏ శఠారియో, ఆమెకును అదే తీర్థము, అదే శఠారి. ఫలితములు వెలువడిన దినమున ఎవరింట దీపము వెలుగలేదో, వారు మొట్టమొదట ఆ సన్నిధికి వచ్చెదరుగాక. రంగనాథుని కటాక్షము విద్యార్థులందరిపైనను, వారి ప్రక్కన నిలుచు తల్లిదండ్రులపైనను సదా ప్రసరించుగాక.